ఆదివారం దాకా ఆగని ఉపవాసం

ఆ శుక్రవారం పొద్దున ఆకాశం మబ్బు పట్టింది గాని అది కురిసే మబ్బు కాదు. రేపల్లె దగ్గర జయకుమారి పుట్టిన ఊళ్లో మబ్బంటే ముందు తూనీగలు కిందికి దిగేవి, గేదెలు ముట్టె ఎత్తి గాలి పీల్చేవి, ఆ తర్వాత మాట తప్పకుండా కురిసేది. ఢిల్లీ మబ్బుకు ఆ నీతి లేదు. దుమ్మురంగులో వచ్చి, ఆర్.కె. పురం క్వార్టర్ల నీళ్ల ట్యాంకుల మీద కాసేపు బరువుగా కూర్చుని, చుక్క రాల్చకుండా ఎటో జరిగిపోతుంది.

జయకుమారి రెండో అంతస్తు బాల్కనీలో నిలబడి కిందికి చూస్తోంది. అంద్రెయ స్కూటరు గేటు దాటి లోపలికి వచ్చింది. ముందు అంద్రెయ, వెనక అతని భార్య సుభద్ర, ఇద్దరి మధ్యా నొక్కుకుపోయి వాళ్ల కూతురు అబిగెయిల్. పదిహేడేళ్ల పిల్లని అలా మధ్యలో కూర్చోబెట్టుకొచ్చింది స్థలం చాలక కాదు. సంతకు తోలుకెళ్లే దూడను అటొకరు ఇటొకరు పట్టుకున్నట్టుంది.

సుభద్ర లోపలికి వస్తూనే, "వందనాలక్కా," అంది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. జయకుమారి పనిచేసే సర్కారు ఆసుపత్రిలోనే ఆమె కూడా నర్సు. పదేళ్లకిందట సూది పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ జయకుమారి దగ్గరే నేర్చుకుంది.

అంద్రెయ కూర్చోలేదు. హెల్మెట్టు చంకలోంచి తియ్యలేదు. అతను మంత్రిత్వశాఖలో గుమాస్తా. ఇంట్లో కూడా ఫైలు చదివినట్టే మాట్లాడతాడు.

"పాస్టరు అయ్యగారు ఫోనులో చెప్పారు కదండీ. మూడు రోజులు. నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. ఆదివారం ఆరాధనలో ఇది అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. ప్రభువు నన్ను విడిపించాడని దీని నోటితో ఇదే చెప్పాలి. చెప్పిందా, ఇక్కడే ఉండి పన్నెండో తరగతి చదువుతుంది. చెప్పలేదా, సోమవారం రైలుకి టికెట్టు తీసిపెట్టాను. ఏలూరులో మా పెద్దక్క దగ్గర పడుంటుంది."

"మరి చదువో?" అంది జయకుమారి.

"మా అక్కకి నాలుగు బర్రెలున్నాయి. కాసుకుంటుంది."

"పాపా, ప్లీజ్..." అంది అబిగెయిల్ తండ్రి వైపు తిరిగి.

"నువ్వు నోరెత్తకు. నీ నోరు పలికినవన్నీ ఆ ఫోనులో చదివాను. చాలు."

ఫోనులో ఉన్నవి గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగు చదువుతున్న జెనీఫర్‌తో ఈ పిల్ల సుభద్ర సెల్లు వాడుకుని నడిపిన మెసేజీలు. జెనీఫర్‌దీ ఈ సంఘమే. గుళ్లో పక్కపక్కన నిలబడి పాటలు పాడేవాళ్లు. సెలవు రోజున హాస్టల్నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేది. ఇద్దరాడపిల్లలు స్నేహంగా ఉంటే ఎవరు మాత్రం ఏమనుకుంటారు? సుభద్ర ఫోనులో పడ్డ నాలుగు మెసేజీలు బయటికి వచ్చేదాకా ఎవరూ ఏమీ అనుకోలేదు. వారం తిరక్కుండా జెనీఫర్‌ను వాళ్ల నాన్న హాస్టలు మాన్పించి విశాఖపట్నం పంపేశాడు. అబిగెయిల్ నాలుగు రోజులుగా సరిగా తినడం లేదు.

దానికి తోడు నిన్న కోర్టు తీర్పు వచ్చింది. ఇలాంటివాళ్లు నేరస్థులు కారని ఢిల్లీ హైకోర్టు చెప్పిందని టీవీలన్నీ ఒకటే మోత. సంఘం అయ్యగారు ఇంటింటికీ ఫోను చేసి ఉపవాసం ప్రకటించారు. ఈ పిల్లని మాత్రం జయకుమారి దగ్గర ఉంచమన్నారు.

ఆమె దగ్గరే ఎందుకంటే, ఆ సంఘంలో పవిత్రతకు కొలబద్ద ఆమె. యాభై నాలుగేళ్లు వచ్చాయి, పెళ్లి లేదు. ఏటా ఏదో ఒక ఆదివారం అయ్యగారు పుల్పిట్ మీంచి చెయ్యి చాపి, "లోకాశలు విడిచి ప్రభువుకే సమర్పించుకున్న జయమ్మగారిని చూసి నేర్చుకోండమ్మా," అనేవారు. ఆడవాళ్లంతా వెనక్కి తిరిగి చూసేవాళ్లు. ఆమె తల దించుకునేది. దాన్ని కూడా వినయమే అనుకునేవాళ్లు.

అంద్రెయ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "మీ చేతిలో పెట్టి వెళ్తున్నామండి. మీరు చెబితే వింటుంది."

"చూద్దాం," అంది జయకుమారి.

*

శుక్రవారమంతా ఆ పిల్ల మాట్లాడలేదు. కూలరు ఎదురుగా చాప మీద గోడకు వీపు ఆనించి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. జయకుమారి మూడు పూటలా బైబిలు తెరిచి కీర్తనలు చదివింది. మోకరించమని ఆమె అడగలేదు, ఆ పిల్ల మోకరించనూ లేదు. కింద కూరగాయల బండివాడు బెండకాయలని, సొరకాయలని అరుచుకుంటూ పోయాడు. ఎదురింట్లో ఉల్లిపాయలు వేయించిన వాసన వస్తే పిల్ల గొంతు కదలడం జయకుమారి చూసింది. చూసీ చూడనట్టు పేజీ తిప్పింది.

ఆమెకు ఈ ప్రార్థన కొత్త కాదు. ఇదే ప్రార్థన, ఇవే మోకాళ్లు, ఇదే గది. ఇరవై రెండేళ్ల వయసులో మొదలుపెట్టి ఎన్ని ఉపవాసాలు చేసిందో లెక్క లేదు. బక్కచిక్కింది గాని తనలో ఏదీ మారలేదు. ఆ సంగతి దేవుడికీ తెలుసు, తనకీ తెలుసు. మూడో మనిషికి తెలియకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఆ మూడో మనిషే చాప మీద కూర్చుని ఉన్నట్టుంది.

శనివారం తెల్లవారాక పిల్ల పెదవులు ఎండి చీలాయి. లేచి నిలబడబోయి గోడ పట్టుకుంది. జయకుమారి ఆమె మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. నాడి పల్చగా, తొందరగా కొట్టుకుంటోంది.

"నీళ్లు తాగావా?"

"తాగాను." మణికట్టు ఆమె చేతిలోనే ఉంచి, "ఆంటీ, ఏక్ బాత్ పూఛూఁ?" అంది. ఇంట్లో తెలుగు వింటుందిగాని ఆ పిల్లకు నోరు తిరిగేది హిందీలోనే.

"అడుగు."

"పెద్దయ్యాక ఇది పోతుందా?"

జయకుమారి మణికట్టు వదల్లేదు. పోతుందని చెప్పడానికే ఈ పిల్లని తెచ్చి ఇక్కడ పెట్టారు. ఆ మాటకు ఖర్చేమీ లేదు. ప్రార్థన చెయ్యి తల్లీ, పోతుంది, అంటే చాలు. ఆదివారం పిల్ల నాలుగు ముక్కలు చెబుతుంది, టికెట్టు రద్దవుతుంది, ఇంకో ఇరవై ఏళ్లు అందరూ తనని చూపించి మెచ్చుకుంటారు. ఈ పిల్ల కూడా ఎప్పుడో ఒక గదిలో కూర్చుని ఇంకో పిల్లకి అదే చెబుతుంది.

"పోదు," అంది జయకుమారి.

పిల్ల తలెత్తింది.

"పోదే. నాకు పోలేదు."

"మీకా?"

"నాకే. నీ చెవులు బాగానే ఉన్నాయి."

అబిగెయిల్ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎగతాళి చేస్తున్నారేమో అన్నట్టు ముఖంలోకి చూసింది. జయకుమారి కిటికీ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. బావిలోంచి తాడు లాగినట్టు ఆగి ఆగి చెప్పింది.

"అన్నపూర్ణేశ్వరి అని నెల్లూరు పిల్ల. మా వార్డే. ఈ క్వార్టర్లోనే ఉండేవాళ్లం, పదకొండేళ్లు. దానికి పగలు డ్యూటీ అయితే నాకు రాత్రి. వారంలో ఒక్కరోజు ఇద్దరికీ సెలవు కలిసేది. ఆ ఒక్కరోజు కోసం మిగతా ఆరు రోజులు గడిచేవి. ఎవరూ ఏమీ అడగలేదు. ఇద్దరు నర్సులు గది పంచుకున్నారు, అంతే. ఆమాట మేమూ మాలో మేం అనుకోలేదు. పేరు పెడితే పోతుందేమోనని భయం."

"ఫిర్?"

"వాళ్లన్న సదాశివరావు వచ్చాడు, సంబంధం తెచ్చానని. పెళ్లికొడుకు భార్య పోయినవాడు, ఇద్దరు పిల్లలు. ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. అది నా వంక చూసింది. అంతకు ముందే నాకు చెప్పింది, నువ్వొక్క మాట అను, నేను కదలను అని."

"మీరేం అన్నారు?"

"మంచి సంబంధం, చేసుకో అన్నాను. వాళ్లన్న ముందే. పెట్టె కూడా నేనే సర్దాను."

పిల్ల అన్న మాట జయకుమారి అనుకున్నది కాదు.

"దట్స్ సో చీప్, ఆంటీ."

"అవును."

"ఆమె వెయిట్ చేసింది మీ కోసం. మీరు పంపించేశారు. ఇప్పుడు ఎక్కడున్నారామె?"

"తెలీదు. రెండేళ్లు ఉత్తరాలు రాసింది. నేను జవాబు రాయలేదు. బతికుందో లేదో కనుక్కునే మొహం కూడా నాకు లేదు."

"మరి నేను మీ మాట ఎందుకు వినాలి?" పిల్ల గొంతు పెంచింది. కోపమే గాని అందులో ప్రాణం ఉంది. నిన్నటినుంచి ఆ గొంతులో లేనిది అదే.

"వినొద్దు. నాలా చెయ్యకు, అంతే చెప్పేది. ముప్పై ఏళ్లు రోగుల్ని చూశాను. రోగం ఏదో, కానిదేదో నాకు తెలుసు. నీకే రోగమూ లేదు. నాలుగు రోజులు తిండి లేక నీరసం, అంతే. దానికి మందు నా వంటింట్లో ఉంది."

అబిగెయిల్ ఏడవలేదు. నవ్వబోయి, అది మధ్యలో విరిగిపోయి, మోకాళ్లలో ముఖం పెట్టుకుంది. "కోర్టు ఓకే అంది కదా ఆంటీ. టీవీలో అందరూ డాన్స్ చేస్తున్నారు. పాపా టీవీ ఆపేశారు."

"కోర్టు మంచి మాటే చెప్పింది. నా వయసులో వచ్చింది ఆ మాట, నాకు పనికి రాలేదు. నీకు వయసుంది. కాని మీ నాన్న కోర్టుకి ఆ కాగితం ఇంకా చేరలేదే పిల్లా. చేరేదాకా నువ్వు చదవాలి. నీ చేతికి ఒక పని రావాలి. నీ తలుపుకి నువ్వే గడియ పెట్టుకునే గది ఒకటి ఉండాలి. అప్పుడు ఎవరన్నా కుర్చీలో కూర్చుని సంబంధం తెస్తే, కాఫీ ఇచ్చి పంపించు."

"ఒక్కదాన్నేనా?"

"ఒక్కదానివి కావు. నేనూ అట్టాగే అనుకున్నాను. చూడు, రెండు రోజుల్నుంచి ఒకే గదిలో ఇద్దరం ఉన్నాం."

అంతటితో ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. బియ్యం కడిగింది. కందిపప్పు కడిగింది. రెండూ కుక్కర్లో వేరువేరు గిన్నెల్లో పెట్టి స్టవ్వు వెలిగించింది.

*

కుక్కరు మూడో కూత కూస్తుండగా తలుపు చప్పుడైంది. పొద్దుటి డ్యూటీ దిగి, యూనిఫారం చీరతోనే వచ్చింది సుభద్ర. మెట్లు ఎక్కిన ఆయాసం.

"అక్కా, ఆ కూత మీ ఇంట్లోదేనా? కింద మెట్ల దగ్గర్నుంచి వింటున్నాను. పక్కింటిదేమో అనుకున్నా."

"మా ఇంట్లోదే."

"ఉపవాసం...?"

"అయిపోయింది."

సుభద్ర ముఖం ఒక్కసారిగా విప్పారింది. "విడుదల వచ్చేసిందా అక్కా? స్తోత్రం! నేననుకుంటూనే ఉన్నా. అయ్యగారు సాక్ష్యం కూడా రాసి పంపారు, రాత్రికి కంఠతా పట్టించమన్నారు." హ్యాండుబ్యాగు తెరిచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చింది.

జయకుమారి కళ్లజోడు పెట్టుకుని చదివింది. అయ్యగారి దస్తూరీ గుండ్రంగా, పొందికగా ఉంటుంది. 'శనివారం రాత్రి ఒక గొప్ప వెలుగు నన్ను తాకింది. నాలోని అపవిత్రాత్మ కేక వేసి విడిచిపోయింది...'

"ఎప్పుడిచ్చారిది?"

"నిన్న సాయంత్రం."

"శనివారం రాత్రి రాబోయే వెలుగు గురించి శుక్రవారం సాయంత్రం రాశారు. బాగుంది. ఆసుపత్రిలో మనం ఇట్టా రాస్తే సస్పెండు చేస్తారు. రోగి జ్వరం రేపు ఎంతుంటుందో ఇవాళే చార్టులో వేసినట్టుంది."

"అదేంటక్కా, అట్టా అంటారు?"

"సుభద్రా, కూర్చో."

"నిలబడే ఉంటాను, చెప్పండి."

జయకుమారి చెప్పింది. పిల్లకు చెప్పినంత చెప్పలేదు. నాలుగు మాటల్లో చెప్పింది, కేసు అప్పజెప్పేటప్పుడు నర్సు నర్సుతో చెప్పినట్టు. అన్నపూర్ణేశ్వరి పేరు చెప్పింది. ఎన్నేళ్లో చెప్పింది. పెళ్లి మానుకున్నది ప్రభువు కోసం కాదని చెప్పింది.

సుభద్ర నోటికి పైట కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత విరుచుకుపడింది.

"కంచె కదా అని మీ దగ్గర పెట్టాం! కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోను? ఛీ! పదేళ్లు మీ చేతి కింద పని చేశాను. మీ ఎంగిలి కాఫీ తాగాను. నా పిల్లని తీసుకొచ్చి మీ ఒళ్లో పడేశాను, ఎవరి ఒళ్లో పడేశానో! లేవే, పద ఇంటికి!"

"మమ్మీ, మై నహీ ఆవూంగీ."

"ఏంటీ?"

"రాను. రేపు ఆ కాగితం చదవను. అబద్ధం అది. గుళ్లో నిలబడి అబద్ధం చెప్పమంటావా?"

సుభద్ర చెయ్యెత్తింది. జయకుమారి మధ్యకు రాలేదు. మాట మాత్రం అంది.

"కొట్టు. కొట్టి రైలెక్కించు. కాని ఒక్కటి చెప్పు. ఎమర్జెన్సీలో ఆరేళ్లు చేశావు. పదహారు, పదిహేడేళ్ల ఆడపిల్లల్ని స్ట్రెచరు మీద తెస్తారు. తల్లులు బయట కూర్చుని, కడుపునొప్పి తట్టుకోలేక విషం మింగిందండీ అంటారు. అది కడుపునొప్పి కాదని నీకు తెలుసు, నాకు తెలుసు. రిజిస్టర్లో మాత్రం అదే రాస్తాం. ఏలూరునుంచి ఎప్పుడో నీకు ఫోనొస్తే, ఆ రిజిస్టర్లో ఏమని రాయమంటావు?"

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. సుభద్ర గోడకు ఆనుకుని అక్కడే నేల మీద కూలబడింది. తెల్ల యూనిఫారానికి సున్నం అంటుకుంది. కూతురి వంక చూసింది. చీలిన పెదవులు చూసింది. నర్సు కన్ను కాబట్టి, కోపంలో కూడా, కళ్ల కింది గుంటలు చూసింది.

అప్పుడే జయకుమారి సెల్లు మోగింది. అయ్యగారు.

"ఏం జయమ్మగారూ, కార్యం జరుగుతోందా?"

"ఉపవాసం ముగించేశామండి."

"అదేంటమ్మా, రేపటిదాకా కదా?"

"పిల్లకి ఆకలేస్తోంది. సాక్ష్యం కూడా లేదండి. విడిపించడానికి అందులో ఏమీ లేదు. సంఘానికి సాక్ష్యం తప్పనిసరి అయితే నా దగ్గరొకటుంది. ముప్పై ఏళ్లనాటిది. చెప్పమంటే రేపు నేను నిలబడి చెబుతాను."

అయ్యగారు తెలివైనవారు. అడక్కుండానే కొంత అర్థం చేసుకున్నట్టుంది.

"రేపు మీరు రానక్కర్లేదు," అన్నారు. "మళ్లీ చెప్పేదాకా రాకండి. మీరు నడిపే ఆడవాళ్ల కూడిక సంగతి నేను వేరేవాళ్లకు అప్పజెబుతాను."

"అట్టాగేనండి."

ఫోను పెట్టేశాక ఆమె కాసేపు అలానే నిలబడింది. ఢిల్లీలో ఆమెకు చుట్టాలు లేరు. ముప్పై ఏళ్లుగా పండగన్నా, జ్వరమన్నా, రేపు చచ్చిపోతే నలుగురు మోసేవాళ్లన్నా ఆ సంఘమే. మూడు నిమిషాల్లో అది తెగిపోయింది. బాధ ఇంకా రాలేదు. వస్తుందని తెలుసు. సూది మందు లోపలికి దిగాక నొప్పి కాస్త వెనకగా వచ్చినట్టు, వస్తుంది.

"ఇక ఇంట్లో ఆయనకి నేనేం చెప్పను?" అంది సుభద్ర, నేల చూస్తూ.

"నామీద చెప్పు. జయమ్మ చెడగొట్టిందని చెప్పు. నిజమే అనుకుంటారు."

"ఊరంతా ఉమ్మేస్తారు మీమీద."

"ఉమ్మనీ. ఇన్నాళ్లు పొగిడారుగా."

సుభద్ర పైట కొంగుతో ముఖం తుడుచుకుంది. లేచి కాగితం తీసుకుని, చింపలేదు, మడిచి బ్యాగులో పెట్టుకుంది. "పిల్ల సోమవారం రైలెక్కదు. ఆయనతో నేను మాట్లాడతాను. అరుస్తాడు, అరవనీ. పరీక్షలయ్యేదాకా ఇక్కడే చదువుతుంది. అంతకు మించి నన్నేం అడక్కండి. నాకిది నచ్చలేదు అక్కా. ఎప్పటికీ నచ్చదు."

"నచ్చమని నేను అడగలేదు."

"మమ్మీ, నువ్వు తిన్నావా?" అంది అబిగెయిల్.

కూతురి కోసం సుభద్ర కూడా శుక్రవారంనుంచి ఉపవాసమే ఉంది. అలాగే రెండు డ్యూటీలు చేసింది.

జయకుమారి మూడు కంచాలు పెట్టింది. అన్నం, పప్పు, గిన్నెలో పెరుగు, ఆవకాయ సీసా. ప్రార్థన ఎవరు చేస్తారని ఎవరూ అడగలేదు. ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. సుభద్ర ఇద్దరివంకా చూడకుండా మెతుకులు కలుపుతోంది. అబిగెయిల్ మొదటి ముద్దకే ఆవకాయ సీసా వైపు చెయ్యి చాపింది. సుభద్ర తలెత్తకుండానే ఆ సీసా అందకుండా పక్కకు జరిపి, పెరుగు గిన్నె కూతురి కంచం దగ్గరికి తోసింది. పిల్ల పెరుగు వేసుకుంది. జయకుమారి మరో గరిటెడు అన్నం వడ్డించింది. ముగ్గురూ తిన్నారు.